యెల్లప్ప కాలు

మెరీబ్యాంక్ పేట నుంచి రెండు బస్సులు మారి అంకయ్య మాజీ సైనికుల ఆఫీసుకు రావడం తొంభై అయిదులో అది మూడోసారి. చెక్క కాలి పైభాగం పగిలి, తొడ ఒరుసుకుపోయి పుండు పడింది. కొత్త కాలు రాకుంటే ఇక మంచమేనని డాక్టరు చెప్పేశాడు.

కౌంటర్ వెనకున్న వెనేశ్రీ, మనవరాలి వయసు పిల్ల, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది. ఒకటి పట్టాళం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం. రెండోది నిరుడు అందరికీ ఓటు వచ్చినప్పుడు తీసుకున్న ఐడీ పుస్తకం.

"దీంట్లో యెల్లప్ప. దీంట్లో అంకయ్య. మీరెవరు, తాతా?"

"రెండూ నేనే, తల్లీ."

అంకయ్య మాటల మనిషి కాదు. కాలు కోసం నోరు విప్పాడు. నలభైలో, పదహారేళ్ళకు, పట్టాళానికి పోతే వయసు చాలదన్నారు. అన్న యెల్లప్ప అప్పటికే జ్వరంతో పోయాడు. అన్న పుట్టిన కాగితాన్ని అమ్మ పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో దాచుకుంది. అది పట్టుకెళ్ళి చేరిపోయాడు. ఎడారిలో స్ట్రెచర్ మోస్తుంటే మందుపాతర పేలింది. అప్పటినుంచీ డిశ్చార్జి పుస్తకం చూపితే చాలు, కాలు బాగుచేసి ఇచ్చేవారు. ఇప్పుడు ఐడీ కూడా కావాలంటున్నారు.

వెనేశ్రీ కంప్యూటర్ చూసింది. "యెల్లప్ప ముప్పై ఏడులో చనిపోయాడు. అంకయ్య యుద్ధానికే పోలేదు."

"మరి నా కాలెక్కడ పోయింది? చేపల మార్కెట్లోనా?"

ఆ పిల్ల నవ్వబోయి ఆపుకుంది. "దొంగ పేరుతో చేరానని అఫిడవిట్ రాయొచ్చు. రాస్తే ఆ సర్వీసే చెల్లదంటారు."

"రాయకుంటే?"

"మీరు యెల్లప్ప కారు."

బెంచీ మీంచి భార్య పుష్పం అంది, "ఏటా ఆ బావకి ఆకేసి కూడు పెడతన్నాం. ఇప్పుడు కాలు కూడా ఆయనకేనంట."

డిశ్చార్జి పుస్తకం చివరి పేజీ దగ్గర వెనేశ్రీ ఆగింది. దగ్గరి బంధువు, తమ్ముడు అంకయ్య అని ఉంది. పట్టాళంలో చేరిన నాడు అంకయ్యే తన పేరు అలా రాయించాడు.

"యెల్లప్పకి రావలసిన యుద్ధం మెడల్ ఇంకా ఎవరూ తీసుకోలేదు, తాతా. తమ్ముడిగా సంతకం పెడితే ఇప్పించగలను."

అంకయ్య పెన్ను పుచ్చుకున్నాడు. సంతకం పెడితే పుస్తకంలోని యెల్లప్ప పోయినట్టు తనే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత కాలు అడగడానికి ఎవరూ మిగలరు. పెన్ను కౌంటర్ మీద పెట్టేశాడు.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటావు?"

"వచ్చే నెల."

పుష్పం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, సంచిలోంచి పాత చీర ముక్క తీసి పుండుకీ చెక్కకీ మధ్య కుక్కింది. బస్సు స్టాపు చాలా దూరం.