జపానుకు పోయే రొయ్య

ఫోన్ మోగినప్పుడు మా ఆయన హెబ్రోను నాకు జడ అల్లడం నేర్చుకుంటున్నాడు. పెళ్ళయి నెలైనా కాలేదు కదా, మాకు అన్నీ ఆటలే. మూడు పాయలూ ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు. మరుక్షణమే నా జుట్టు పట్టుకునే ఎగిరాడు.

"ల్యాబు పరీక్షలో పాసయినాయి అబీ! మన రొయ్యల్లో మందు చుక్క కూడా లేదంట. జపానుకే పంపిస్తారంట!"

అల్లూరులో మామగారి రొయ్యల గుంటను ఈసారి తనే చూసుకుంటానని, యాంటీబయాటిక్ మందులు ముట్టనని హెబ్రోను పట్టుబట్టాడు. మందు లేకుండా రొయ్య బతకదని ఊరంతా నవ్వింది. ఇతను మాత్రం గట్టు మీదే కాపురమున్నాడు.

"మన రొయ్యని జపానోళ్ళు ఎట్ట తింటారో చూడాల," అన్నాడు. నెల్లూరులో కొత్తగా పెట్టిన సుషీ హోటలుకు బయల్దేరాం.

"పచ్చి చేపలు తినేదానికి మీరేమన్నా కొంగలా?" అంది మా అత్తయ్య.

హోటల్లో రొయ్య పెట్టిన అన్నం ముద్దల్ని చెక్క పీట మీద బొమ్మల్లా పేర్చి తెచ్చారు. హెబ్రోను కళ్ళు మూసుకుని, రోజూ ఇంట్లో చేసే ప్రార్థనే చేశాడు. "ఈ వేడివేడి ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం ప్రభువా." కళ్ళు తెరిచి ముద్దను తాకాడు. చల్లగా ఉంది! నేను నవ్వు ఆపుకోలేక చున్నీలో ముఖం దాచుకున్నాను.

నోట్లో పెట్టుకున్నాక ఆ నవ్వూ పోయింది. పుల్లటి చల్లన్నం మీద రొయ్య రబ్బరులా సాగింది. తీపి లేదు, ఒట్టి ఐసు వాసన.

హెబ్రోను నమలడం ఆపేశాడు. "ఇంత కష్టపడి పెంచింది ఇట్టయ్యేదానికా? పులుసులో పడినా దానికి మర్యాదుండేది."

గెలిచిన రోజున ఆ ముఖం అలా వాడిపోతే నేను ఊరుకుంటానా? కౌంటరులో ఉన్న యజమాని మధుబాబు గారిని పిలిచాను.

"ఈ రొయ్యలు ఎక్కడివండీ?"

"చెన్నై నుంచి ఫ్రీజరులో వస్తాయమ్మా. ఈడ మంచి సరుకంతా ఎగుమతికే పోతుంది. మాకెవరిస్తారు?" అన్నారాయన కాస్త సిగ్గుపడుతూ.

"ఏమండీ, ఇవి ఫ్రీజరు రొయ్యలు, మనవి ఇలా ఉండవు!" అని హెబ్రోను చెయ్యి గిల్లాను. మధుబాబు గారి వైపు తిరిగి, "ఈయన పెంచిన రొయ్యలు జపానుకు పోతున్నాయండీ. ఒక్క చుక్క మందు వాడలేదు," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. చూడనీ!

హెబ్రోను చెవులు ఎర్రబడ్డాయి. కానీ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"యాడ అబ్బయ్యా గుంట?" అని అడిగారు మధుబాబు గారు.

"అల్లూరన్నా. రేపు తెల్లారే రొయ్యల పట్టుబడి. లారీకి ఎక్కించకముందే రెండు కిలోలు నేనే ఐసులో పెట్టి తెస్తా. జపాను కంటే ముందు నెల్లూరోళ్ళు తిని చెప్పాల. మధ్యాన్నానికి మీరు అన్నం వండి ఉంచండి, మేమిద్దరం వస్తాం."