ఎడమచేతి టంకం

నేను ఒక సోల్డరింగ్ ఐరన్‌ని. ఇరవై ఐదు వాట్లు, చెక్కపిడి, ఇనుప గొట్టం, చివర రాగి ముక్కు. టంకాన్ని కరిగించి రేడియోల్లో, టీవీల్లో సన్నసన్న తీగలను అతికించడం నా పని. హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను బిగించినవాడు ఒక్కసారి ప్లగ్గులో పెట్టి, తడి స్పాంజికి నా ముక్కు తాకించి, సుయ్యిమనగానే తృప్తిపడి అట్టపెట్టెలో పడేశాడు. నా చదువు అంతటితో పూర్తయింది. మనుషులకు ఒక పని రావాలంటే ఏళ్లు పడుతుందనీ, వచ్చింది పోవడానికి మాత్రం క్షణం చాలుననీ నాకు అప్పటికి తెలియదు.

నా మొదటి యజమాని కాకినాడలో టీవీ మెకానిక్ సూరిబాబు. ఇంట్లో టీవీ నెత్తిన నాలుగు దెబ్బలు వేసి, అయినా బొమ్మ రాకపోతేనే జనం దాన్ని మా కొట్టుకు మోసుకొచ్చేవారు. ఆ దెబ్బలకు ఊడిన తీగలను నేను అతికించేదాన్ని. "ఏమీ చెయ్యకుండానే పాడయిందండి" అని వాళ్లు ప్రమాణం చేసేవారు. సూరిబాబు తల ఊపేవాడు. పన్నెండేళ్లు అలా గడిచాక గోడకు తగిలించే పల్చటి టీవీలు వచ్చాయి. వాటిలో తీగ అతికించే పని లేదు, బోర్డుకు బోర్డు మార్చేయడమే. సూరిబాబు కొట్టు మూసేస్తూ, తన దగ్గర పని చూసి నేర్చుకున్న విశ్వేశ్వరరావు చేతిలో నన్ను పెట్టాడు.

విశ్వేశ్వరరావును అందరూ విశ్వం అనేవారు. సామర్లకోటలో ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఉద్యోగం. పిన్‌కోడు చూస్తే ఊరి పేరు చెప్పగలిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగి మేడమీద గదిలో నా దగ్గర కూర్చునేవాడు. ఎలక్ట్రానిక్స్ ఆయనకు పెళ్లయ్యాక పట్టుకున్న సరదా. రేడియోలు, ఎమర్జెన్సీ లైట్లు, ఏవేవో గంటలు చేసేవాడు. చేసిన ప్రతిదాని బొమ్మా నీలం అట్ట నోటుపుస్తకంలో గీసుకునేవాడు. కుడిచేత్తో నన్ను పట్టుకుని, ఎడమచేత్తో టంకపు తీగ అందించేవాడు. ఆ రెండు చేతులూ ఒకదానికొకటి చెప్పుకోకుండానే కలిసి పనిచేసేవి.

ఆయన భార్య భ్రమరాంబ కింద ముందుగదిలో జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. మేడమీద నా పొగ, కింద ఆమె మిషన్ చప్పుడు. ఇల్లంటే అదే.

ఒక వాన సాయంత్రం ఆయన కాకినాడ నుంచి సామాను కొనుక్కుని బైకు మీద వస్తూ, కాలవ గట్టు రోడ్డులో ఆగి ఉన్న ట్రాక్టరు తొట్టిని గుద్దుకున్నాడు. దానికి వెనక దీపం లేదు. నేను మేడమీద స్టాండులో ఉన్నాను. నా పక్కన ఆయన సగం చేసి వదిలిన బోర్డు ఒకటి ఉంది. మా ఇద్దరి మీదా రెండు నెలల దుమ్ము పడింది.

తిరిగొచ్చిన విశ్వానికి కుడిచెయ్యి వేలాడుతోంది. భుజం దగ్గర నరాలు తెగిపోయాయట. చెయ్యి కదలదు, గిల్లినా తెలియదు. అంతకంటే పెద్ద దెబ్బ తలకు తగిలింది. చిన్నతనం గుర్తుంది, కాలేజీ గుర్తుంది, ఆ తరువాత ఇరవై ఏళ్లు లేవు. ఆ ఇరవై ఏళ్లలోనే ఉద్యోగం ఉంది, నేను ఉన్నాను, భ్రమరాంబ ఉంది. ఆయన ఆమెను "మీరు" అని పిలుస్తున్నాడు. మంచినీళ్లు ఇస్తే, "మీకు శ్రమ ఇస్తున్నానండి" అంటున్నాడు. ఆమె పెళ్లి ఫొటోలు చూపించింది. ఆయన మర్యాదగా అన్నీ చూసి, ఫొటోలు బాగా తీశారన్నాడు.

అలవాటైన వస్తువులు చూస్తే ఏమైనా గుర్తుకు రావచ్చని డాక్టరు అన్నాడట. అందుకని ఆమె ఆయన్ను మెల్లగా మెట్లెక్కించి నా ముందు కూర్చోబెట్టింది. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిన తీరు నాకింకా కళ్ల ముందే ఉంది. నేనేదో ఆయన లోపలి తలుపు తీసే తాళంచెవినన్నట్టు చూసింది. ఆయన నన్ను ఎడమచేత్తో తీసుకుని ఇటూ అటూ తిప్పి చూశాడు. తరువాత నోటుపుస్తకం తెరిచి పది పేజీలు చదివాడు.

"ఈయన దస్తూరీ బాగుందండి" అన్నాడు.

ఆమె కిందికి వెళ్లిపోయింది.

అయినా ఆయన రోజూ పైకి వచ్చేవాడు. గుర్తుకొచ్చి కాదు, పుస్తకంలోని బొమ్మలు నచ్చి. ఒకరోజు నన్ను ప్లగ్గులో పెట్టి ఎడమచేత్తో తీగను అతకబోయాడు. టంకం అందించే రెండో చెయ్యి లేదు. టంకపు తీగను నోటితో పట్టుకుని వంగాడు. నేను ఆయన వేళ్ల మధ్య నుంచి జారి బల్ల మీద వాలివున్న కుడి మణికట్టు మీద పడ్డాను. ఆయనకు తెలియలేదు. నేను కింద పడ్డానేమోనని బల్లకింద వెతుకుతున్నాడు. నేను కాలుస్తూనే ఉన్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడ్డ పని అదొక్కటే. వాసనకు భ్రమరాంబ పరుగెత్తుకొచ్చి నన్ను లాగేసింది.

ఆ సాయంత్రమే నన్ను ముందుగదిలో బీరువాలోకి, పట్టుచీరల కిందకి చేర్చింది. తాళం వేసింది. కట్టు కట్టిన చేత్తో ఆయన వచ్చి, తప్పు ఐరన్‌ది కాదని, తను చెయ్యి ఎక్కడుందో చూసుకోలేదని చెప్పాడు.

"మీకు కాలినా తెలీదండి. వాసన నాకొచ్చింది కాబట్టి సరిపోయింది. నేను బజారుకెళ్లుంటే?" అంది.

నాలుగు నెలలు నేను చీరల మధ్య చల్లగా పడుకున్నాను. వినడం తప్ప పని లేదు. ఆయన ఎక్కడా తగ్గలేదు. నోటుపుస్తకం కిందికి తెచ్చుకుని మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని చదివేవాడు. రెసిస్టర్ల మీది రంగు చారలకు అంకెలు ఏమిటో వల్లె వేసేవాడు. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు. పొద్దున నేర్చింది సాయంత్రానికి పోయేది. మర్నాడు మళ్లీ నలుపు దగ్గర మొదలు. విసుక్కోవడం నేనొక్కసారీ వినలేదు. మూడోనెలలో ఒకరోజు ఆయన వయొలెట్ దగ్గర ఆగిపోతే, జాకెట్టు చేతులు అతుకుతున్న భ్రమరాంబ తల ఎత్తకుండానే "ఏడు" అంది. ఇద్దరూ నవ్వారు. ఆ ప్రమాదం తరువాత ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

ఆ తరువాత కొద్దిరోజులకు ఆయన చదవడం ఆపి ఆమె కుట్టడం చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"మీరు సూదిని అటూ ఇటూ జరపరు కదండీ?" అని అడిగాడు.

"సూది ఉన్నచోటే ఉంటదండి. గుడ్డనే దాని దగ్గరికి జరుపుతాం. సూదితో పాటు మనం తిరిగితే కుట్టు ఎక్కడ పడద్ది?"

మిషన్ ఆగింది. ఆయన కుర్చీ జరిగిన చప్పుడయింది. అయితే ఆ ఐరన్‌ను కూడా ఉన్నచోటే ఉంచితేనో, బోర్డునే దాని దగ్గరికి తీసుకెళితేనో అని ఆయన మెల్లగా, ఒక్కో మాటే పేర్చుకుంటూ చెప్పాడు. ఐరన్ జారదు, పడదు. ఎడమచేతికి ఒక్కటే పని. మర్నాడు పొద్దున బీరువా తాళం తీసింది భ్రమరాంబే.

నన్ను బల్లకు ఇనుప పట్టుతో బిగించారు, ముక్కు కొంచెం పైకి ఉండేలా. పాత జీన్స్ గుడ్డ నాలుగు మడతలు వేసి ఆమె ఒక సంచి కుట్టింది. ఆయన కుడిచెయ్యి అందులో పెట్టి ఛాతీకి కట్టుకుంటే, అది నా దరిదాపులకు రాదు. ఇక టంకం అందించడం మిగిలింది. దానికి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. నేను చల్లగా ఉండగానే టంకపు తీగను చిన్న ఉంగరంలా చుట్టి, అతకవలసిన భాగానికుండే తీగ కాలుకు తొడిగి ఉంచేవాడు. అన్నీ తొడిగాక నన్ను వేడిచేసి, బోర్డు తెచ్చి ఒక్కో ఉంగరాన్నీ నా ముక్కుకు తాకించేవాడు. అది కరిగి, కాలి చుట్టూ సర్దుకునేది.

ఇలా చెబితే సులువుగా ఉంది. మొదటి వారం ఒక్క అతుకూ నిలవలేదు. కొన్ని బుడిపెలై ఊడిపోయాయి, కొన్ని పక్కదానికి అంటుకుపోయాయి. నన్ను కదలకుండా కట్టేశాక ఇక నిందించడానికి నేను కూడా మిగల్లేదు. ఆయన పాడయిన ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసి మళ్లీ ఉంగరాలు చుట్టాడు. ఎనిమిదోరోజు ఒక అతుకు వానచినుకులా మెరిసింది. దాన్ని గోటితో లాగాడు, రాలేదు. భ్రమరాంబను పిలిచి చూపించాడు. ఆమె కూడా లాగి చూసింది.

అప్పుడు ఆయన చూపు ప్రమాదానికి ముందు సగంలో ఆగిపోయిన బోర్డు మీద పడింది. అదేమిటో ఆమెకు తెలియదు, ఆయనకు అంతకంటే తెలియదు. నోటుపుస్తకం చివరి పేజీలో ఒక బొమ్మ, దాని కింద రెండు ముక్కలు ఉన్నాయి: "భ్రమర మిషన్ దగ్గరికి. వెలగడం లేదు, ఎందుకో చూడాలి." ఆయన ఎందుకో చూడడం మొదలుపెట్టాడు. మీటరుతో ఒక్కో తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో పట్టుకుంటూ, ఎడమచేత్తో వంకరటింకరగా కాగితం మీద గీసుకుంటూ, పద్దెనిమిది రోజులు కూర్చున్నాడు. గేటుకు ఒక స్విచ్చు, మిషన్ పక్కన ఒక దీపం. ఎవరైనా గేటు తెరిస్తే దీపం వెలగాలి. మిషన్ చప్పుడులో గేటు వినపడక మనుషులు వచ్చి తిరిగిపోతున్నారని ఆమె ఎప్పుడో అని, అన్న సంగతే మరిచిపోయింది.

పద్దెనిమిదో రోజు ఆయన ట్రాన్సిస్టర్ అనే చిన్న భాగం దగ్గర ఆగాడు. పుస్తకంలో బొమ్మ చూశాడు, బోర్డు చూశాడు, మళ్లీ బొమ్మ చూశాడు. దాని మూడు కాళ్లలో రెండు తారుమారయ్యాయి. ఎంత బాగా అతికినా ఆ దీపం ఎన్నటికీ వెలగదు. నా ముక్కుతోనే ఆ తప్పు జరిగింది, ఆనాడు నాకూ తెలియలేదు.

"ఆయన తప్పు పెట్టాడండి" అని విశ్వం గట్టిగా పిలిచాడు.

భ్రమరాంబ పైకి వచ్చి చూసింది. ఇన్ని నెలలుగా ఆమె ఎదురుచూసింది ఆ తప్పు చేసిన మనిషి కోసం. ఆయన ఎలాంటివాడో, ఏం తినేవాడో, ఎలా నవ్వేవాడో ఈయనకు చెప్పిచెప్పి అలిసిపోయింది.

"ఆయనకి దొరకని తప్పు మీకెలా దొరికిందండి?"

"ఆయన తొందరలో ఉన్నట్టున్నాడు. నాకు తొందరేం లేదు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన పాత అతుకులు కరిగించి దాని కాళ్లు తీసి, సరిగ్గా పెట్టి, మూడు ఉంగరాలు తొడిగి నా దగ్గరికి తెచ్చేదాకా కదల్లేదు. కిందికి దిగి అన్నీ కలిపాక ఆయన మిషన్ పక్కన నిలబడి, "భ్రమరా, వెళ్లి గేటు తియ్యి" అన్నాడు. తనేమని పిలిచాడో ఆయన గమనించలేదు. ఆమె గుమ్మంలో ఒక్క క్షణం ఆగి వెళ్లింది. గేటు కిర్రుమంది. దీపం వెలిగింది. ఆమె గేటు మూసి, ఇంకోసారి తెరిచింది. ఇదంతా రాత్రి అన్నం దగ్గర వాళ్లు చెప్పుకోగా విన్నాను. నన్ను ఆపడం ఆ రోజు ఎవరికీ గుర్తులేదు.

పోయిన ఇరవై ఏళ్లు తిరిగి రాలేదు. వస్తాయని ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ గుమ్మం పట్టుకుని నిలబడడం లేదు. ఆఫీసులో ఆయనకు వేరే సీటు ఇచ్చారు. మేడమీద కొత్త నోటుపుస్తకం సగం నిండింది. అందులో పాత పుస్తకంలో లేని బొమ్మలు చాలా ఉన్నాయి. దస్తూరీ మాత్రం ఘోరం.

క్రితం నెల నాకే ప్రమాదం జరిగింది. పని మధ్యలో చల్లబడిపోయాను. లోపల వేడి పుట్టించే కాయిల్ తెగిపోయింది. నా తోటివాళ్లలో చాలామంది ఇలాంటి రోజునే తుక్కుబండి ఎక్కారు. నేనూ సిద్ధపడ్డాను. భ్రమరాంబ కొత్తది కొనుక్కోమని అంది. ఆయన వినలేదు. ఇనుప పట్టులో నన్ను ఉన్నట్టే ఉంచి, ఎడమచేత్తో మరలు విప్పి, మాడిపోయిన కాయిల్‌ను బయటికి లాగి, కొత్తది ఎక్కించాడు. అందుకు ఒక ఆదివారం పట్టింది.

ప్లగ్గు పెట్టాక ఇద్దరూ నా వైపు చూస్తూ కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఈ కాయిల్‌కు సూరిబాబు ఎవరో తెలియదు, ఆ టీవీలేవీ తెలియవు. అయినా నెమ్మదిగా నా ముక్కుకు వేడి ఎక్కింది. విశ్వం టంకపు తీగ కొస తాకించాడు. తళుక్కున కరిగింది.

"పట్టుకుందా?" అని అడిగింది భ్రమరాంబ.

"పట్టుకుంది" అని ఆయన బోర్డు అందుకున్నాడు.