మైకులో మా ఇంటి ముచ్చట్లు

మా ఆయన రాజలింగు కొత్తవాడలో మగ్గం నేసేవాడు. నేను కండెలు చుట్టేదాన్ని. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే ఆ కండెలకు నూలు చుట్టి అందించకపోతే మగ్గం నడవదు. అందుకని పొద్దున పోట్లాడుకున్నా మధ్యాహ్నానికి మాటలు కలవాల్సిందే.

డెబ్బై ఆరులో నేతగాళ్ల సంఘం సభకు పెద్ద ఆఫీసరు రావాల్సి ఉండి, రాలేదు. పదింటికని పిలిస్తే పన్నెండైంది. సెక్రెటరీ వెంకట్రాజం మా ఆయన చెయ్యి పట్టి గుంజాడు.

“రాజలింగన్నా, జర నాలుగు మాటలు మాట్లాడరాదే. జనం లేసి పోతాండ్రు.”

ఆ రోజుల్లో మా వరంగల్లో గొంతున్న ప్రతివాడూ మిమిక్రీ చేసేవాడు. మా ఆయనకు వచ్చింది ఒక్క రైలు కూత. ఎంత సాగదీసినా అయిదు నిమిషాల్లో రైలు వెళ్లిపోయింది. ఆఫీసరు మాత్రం రాలేదు. అప్పుడు ఇంటి మీద పడ్డాడు.

“మా ఇంట్ల ఒక రైల్వే స్టేషన్ ఉన్నది. నేను బీడీలకు లేస్తే చాలు, మా ఆమె దర్వాజ కాడ నిలబడ్తది. ఎప్పుడస్తవ్ అంటది. గీడికేనే, మూల మీది దుకాణంకు అంట. చేరినంక ఎవలతోనన్న కబురు పంపు అంటది!”

సభ పగలబడి నవ్వింది. ఆడవాళ్ల వరుసలో నేనూ నవ్వాను. అబద్ధమేముంది? మనిషి గడప దాటితే నాకు దడ.

“పొట్లం కాగితాలు చూసి తనంతట తనే చదువు నేర్చుకున్నది మా ఆమె. రైలు బోల్తా పడ్డ వార్త ఉన్న కాగితంల చక్కెర కట్టిచ్చిండ్రు ఒకపారి. వారం రోజులు నన్ను ఊరు దాటనియ్యలె.”

అదీ నిజమే. ఆ కాగితం ఆరేళ్ల కిందటిదని తర్వాత చూసుకున్నాను.

అప్పటి నుంచి ఎక్కడ సభ ఆలస్యమైనా మా ఆయనకు పిలుపే. వాడలో నీళ్లకు పోతే రాములవ్వ అడిగేది: “ఏం మొగిలమ్మా, స్టేషన్ మూసి వచ్చినవా?” పర్వాలేదు, మంచి మాటే. నేను ఊరుకున్నాను.

డెబ్బై ఎనిమిదిలో గణపతి మండపం దగ్గర మాత్రం ఆయన నా తమ్ముడి మీదికి పోయాడు.

నా తమ్ముడు కొమురెల్లి మరమగ్గాల పనికని బొంబాయి దగ్గరి భివండి పోయాడు. రెండు ఉత్తరాలు రాశాడు. ఆ తర్వాత జాడ లేదు.

“మా బామ్మర్ది భివండి పోయి తొమ్మిదేండ్లాయె,” అన్నాడు మా ఆయన మైకులో. “ఆ పొద్దు రైలు కాడ చెయ్యి ఊపింది మా ఆమె. ఇంగ దించలె!”

జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న రాములవ్వ కూడా కొట్టింది, తర్వాత నన్ను చూసి చేతులు కొంగులో దాచుకుంది.

ఇంటికి వచ్చాక అన్నాను: “నా తమ్ముడు నీకు నవ్వులాటకు దొరికిండా?”

“జనం నవ్విండ్రు గదనే!”

మర్నాడు పొద్దున బట్టలు మూట కట్టుకుని వరంగల్ కోటలో ఉండే మా అమ్మ లచ్చవ్వ ఇంటికి వెళ్లిపోయాను. కొత్తవాడ నుంచి కోటకు నడిచినా గంట పట్టదు. ఇంత దగ్గరికి అలిగి పోవడం నాకే నామోషీ అనిపించి, రిక్షా మాట్లాడుకున్నాను.

మా అమ్మ అంతా విన్నది. “అల్లుడు గట్లన్నడా? ఓరి ఆయన నోట్ల మన్నుబొయ్య,” అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“నవ్వుతున్నవా అవ్వా?”

“ఏడుస్తున్ననే,” అన్నది.

పదకొండు రోజులు గడిచాయి. ఆయన రాలేదు. పన్నెండో రోజు మా అమ్మ పక్కింటి సమ్మమ్మ బిడ్డ పెళ్లి. తలంబ్రాలు అయిపోయాయి, విస్తళ్ల ముందు జనం కూర్చున్నారు, అన్నం ఉడకలేదు. సమ్మమ్మ ఎవరినో పంపి మా ఆయన్ని సైకిల్ మీద పిలిపించింది.

నేను ఆడవాళ్ల వెనక ముసుగేసుకుని కూర్చున్నాను. మనసులో ఒకటే అనుకున్నాను: ఇవాళ కొమురెల్లి ముచ్చట మళ్లీ మైకులో వస్తే, కొత్తవాడలో నాకు ఇల్లు లేనట్టే.

ఆయన మైకు పట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది. అంగీ గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. రైలు కూసింది, పోయింది.

“చెయ్యి దించలె, అది చెప్పు!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. “అదే, అదే!” అన్నారు ఇంకొందరు.

నేను కళ్లు మూసుకున్నాను.

“అది చెప్ప,” అన్నాడు మా ఆయన. “అది నాది కాదు. నాది చెప్త. పదకొండు రోజులాయె, మా స్టేషన్ మూతబడి. బయటికి పోతుంటే ఎటు పోతున్నవ్ అని అడిగేటోళ్లు లేరు. తాళంకప్పకు చెప్పి పోతున్న. అది నమ్ముతలేదు.”

నవ్వులు మొదలయ్యాయి.

“మగ్గం బందైంది. ఒక్కని కోసం ఎవలు కండెలు చుడ్తరు? నేనే రాట్నం ముంగట కూసున్న. కండె పుల్ల కొస నుంచి చుట్టుకుంట మొదటికి వచ్చిన. నాడెల పెట్టి ఒక్క ఏటు ఏసిన. నూలంత జారి ఉండలాయె. ఆ నూలుతోని దుప్పటి నేసి పర్సుకుంటే మనిషి వీపు కింద కంకర పోసినట్టే!”

పెళ్లికి వచ్చినవాళ్లంతా నేతగాళ్లే. కొస నుంచి కండె చుట్టిన మనిషిని వాళ్లు పుట్టాక చూసి ఉండరు. విస్తళ్ల మీద పడి నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. నా రాట్నం, నా నూలు!

“మొదటి నుంచి చుట్టాలె!” లేచి నిలబడి అరిచాను. “కొస నుంచి చుడ్తరా ఎవలన్న? నూలంత ఆగం చేసినవ్ గదా!”

పందిరంతా నా వైపు తిరిగింది. ముసుగు ఎప్పుడు జారిందో తెలియదు.

మా ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత మైకులోనే, ఎంతో మర్యాదగా అడిగాడు: “బాగా తెలిసినామె లెక్కున్నది. ఏ వాడమ్మా మీది?”

“కొత్తవాడ!” అన్నాను. ఆ మాట నోట్లోంచి వెళ్లిపోయాకే, నేనేమన్నానో నాకు తెలిసింది.

మా అమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. మా ఆయన మైకులో ఇంకోసారి రైలు కూసి తప్పించుకోబోయాడు. అన్నం ఉడికిందని సమ్మమ్మ వచ్చి కాపాడింది.

భోజనాలయ్యాక మూట సైకిల్ వెనక కట్టుకుని ఇద్దరం నడుస్తున్నాం. నేను షరతు పెట్టాను.

“నా ముచ్చట చెప్పుకో. ఇల్లిడిసి పోయినోళ్ల ముచ్చట వద్దు. ఏదైనా ముందు ఇంట్ల నాకు చెప్పు. నేను నవ్వితేనే స్టేజీకి పోవాలె.”

“నువ్వు నవ్వవు గద!”

“అది నీ తిప్పల.”

ఆయన సైకిల్ తోస్తూ నడిచాడు. రైలు గేటు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు: “కొమురెల్లి పోయిన్నాడు నేను కాజీపేట దాక సాగనంపి వస్త అన్న, యాదికున్నదా? అబద్ధం. నేను గూడ భివండికే టికెట్ తీసుకున్న. పోయినంక నీకు ఉత్తరం రాద్దామనుకున్న.”

నేను ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాను.

“మరి?”

“కాజీపేటల చాయ్‌కి దిగిన. మళ్ల ఎక్కుదామంటే కాళ్లు రాలె, మొగిలీ. అంత దూరం పోవుడంటే భయమైంది. రైలు పోయింది.”

“మరి ఆ పొద్దు నీ సంచి దొంగలెత్తుకపోయిండ్రంటివి?”

“దొంగలు లేరు, ఏం లేరు. సంచి రైల్లనే ఉండె. నా రెండంగీలు భివండి చూసినయ్. నేనే చూడలె.”

ఏడవాలో తిట్టాలో తెలియక నిలబడ్డాను. ఆ అంగీల కోసం నేను రెండు రోజులు దొంగలను శాపనార్థాలు పెట్టాను. అవి యజమాని లేకుండా భివండిలో దిగి, అటూ ఇటూ చూసుకుంటున్నట్టు కళ్ల ముందు కనిపించింది. నవ్వు వచ్చేసింది. గేటు కట్ట మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వాను.

“ఇది చెప్పు స్టేజీ మీద,” అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

“ఇది చెప్తే నా ఇజ్జత్ పోతదే!”

“పోనియ్,” అన్నాను. “నడువ్. నూలు ఎంత ఆగం చేసినవో చూడాలె.”