గట్టు కొలత

డెబ్భై ఎనిమిదిలో మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మాణిక్యానికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు మావాళ్ళు. ఒళ్ళు నిక్షేపంగానే ఉంది. మండుతున్నది కడుపు. దానికి కారణం మా తోడికోడలు మీనాకుమారి.

అప్పటికి నేను ఆ ఇంటి పెద్దకోడలినై పదహారేళ్ళు. రాజమండ్రి బజారులో మాకు ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. మా ఆయన గున్నేశ్వరరావు, మా మరిది నాగేశ్వరప్రసాద్, ఇద్దరూ కొట్లో కూర్చునేవారు. నేను వంటింట్లో పీట మీద కూర్చునేదాన్ని. జానెడు ఎత్తు గట్టు, దాని మీద రెండు మట్టి పొయ్యిలు. ఆ పొయ్యిలు ఊదీ ఊదీ నా కళ్ళు ఎప్పుడూ ఏడ్చినట్టే ఉండేవి. అయితేనేం, ఆ ఇంట్లో ఎవరు ఏం తిన్నా నా చేతి వంటే. నాకు చదువా లేదు, రంగా లేదు. గుమ్మానికి తోరణం కట్టాలంటే పీట ఎక్కాల్సిన పొడుగు నాది. ఉన్నదల్లా ఆ వంటిల్లొక్కటే.

మీనాకుమారి కాకినాడ పిల్ల. ఇంటర్ చదివింది. మా ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. మా వంటింటి గుమ్మంలోకి తల వంచుకుని రావాలి, అంత పొడుగు. గొంతు పెంచి మాట్లాడదు, పని చెబితే విసుక్కోదు. తప్పు పట్టడానికి ఏమీ దొరక్కపోవడం కంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంటుందా? వాళ్ళ పుట్టింట్లో ఎప్పట్నుంచో గ్యాసు ఉందట. అట్టపెట్టెలోంచి పొయ్యి తీయగానే, ఇది పెద్ద మంట, ఇది చిన్న మంట అని మరలు తిప్పి చూపించింది. మా అత్తగారు పురాణం విన్నట్టు విన్నారు. పదహారేళ్ళలో ఆవిడ నా మాట అలా విన్న రోజు ఒక్కటి గుర్తుకు రాలేదు నాకు.

గ్యాసు ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మా గట్టు చూసి ఒప్పుకోలేదు. కింద కూర్చుని వండడానికి వీల్లేదట, పొయ్యి ఎత్తుగా ఉండాలట, నిలబడే వండాలట. గట్టు పెంచాక కబురు చేస్తే వచ్చి సిలిండరు బిగిస్తానని వెళ్ళిపోయాడు. దాంతో మా ఆయన తాపీ మేస్త్రి యెహెజ్కేలుకు చెప్పారు.

సోమవారం పొద్దున్నే యెహెజ్కేలు వచ్చాడు. మట్టి పొయ్యిలు తీసేసి, పాత గట్టు రెండు చివర్లా ఇటుకలతో చిన్న గోడలు లేపి, పైన నల్లబండ పరుస్తానన్నాడు. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి నేను ఆ పూట వంట మొదలుపెట్టాను. పొయ్యిలు పగలగొడుతున్న చప్పుడు వినలేక మళ్ళీ లోపలికి వచ్చాను. అప్పటికే అవి లేవు. యెహెజ్కేలు చేతిలో దారం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వంట చేసేవారు వచ్చి ఇక్కడ నించోవాలండి. మోచేతికి జానెడు కిందగా పొయ్యి రావాలి. లేకపోతే నడుం పడిపోద్దండి" అన్నాడు.

నేను చెయ్యి తుడుచుకుని ఒక అడుగు వేశాను కూడా.

"గ్యాసు సంగతి తెలిసింది మీనాకే కదా. అమ్మాయ్, నువ్వు నించో" అన్నారు మా అత్తగారు.

ఆ మాట ఆవిడ నన్ను బాధ పెట్టాలని అనలేదు. నేనక్కడ ఉన్నట్టే ఆవిడకి తోచలేదు. అందుకే మరీ మండింది. మీనాకుమారి నా వైపు చూసి తటపటాయించింది. ఆ చూపులో జాలి కనిపించింది నాకు. జాలి పడే హక్కు ఈవిడకెవరిచ్చారు అనుకున్నాను.

యెహెజ్కేలు ఆవిడ మోచేతి దగ్గర నుంచి దారం వదిలి, ముడి వేసుకుని లెక్క చూసుకున్నాడు.

"ఈ అమ్మగారికైతే ఎనిమిది వరసలండి." నన్ను ఎగాదిగా చూసి, "పెద్దమ్మగారికైతే ఆరు చాలు" అని ఊరుకోక చెప్పాడు.

"నాకెందుకయ్యా? నేను పెరట్లోనే వండుకుంటాలే. గ్యాసు తెలిసిన వాళ్ళకే కట్టు" అన్నాను.

ఎవరైనా కాదంటారేమోనని గుమ్మం దాకా నెమ్మదిగా నడిచాను. ఎవరూ అనలేదు. పెరట్లోకి వెళ్ళి ఆ పూట చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. నా పెళ్ళయ్యాక అలా జరగడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం యెహెజ్కేలు గోడలు పూర్తి చేసి, అన్నం తినొచ్చి బండ పరుస్తానని ఇంటికి వెళ్ళాడు. మగవాళ్ళు భోంచేసి కొట్టుకి వెళ్ళిపోయారు. అత్తగారు చాప మీద నడుం వాల్చారు. మీనాకుమారి తన గదిలో ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళాను.

నేను కూర్చునే చోట రెండు ఇటుక గోడలున్నాయి. వాటి మధ్య నిలబడి గరిట తిప్పుతున్న మీనాకుమారి నాకు కళ్ళకు కట్టింది. కూరలు తరిగి అందిస్తున్న నేనూ కనిపించాను. ఇంతెత్తున అన్నం గిన్నె పెడితే లోపల ఉడికిందో లేదో నాకెలా కనబడుతుంది? పదహారేళ్ళు కూర్చుని, గిన్నెలోకి తొంగి చూస్తూ వండిన మనిషిని. నిలబడి వండడానికి ఎంత ఎత్తు కావాలో నాకేం తెలుసు! మేస్త్రి పొద్దున్న అన్న మాటే తెలుసు. ఆవిడకి ఎనిమిది, నాకు ఆరు.

సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. పైవరసలో ఇటుక పట్టుకుని కదిపితే ఊడి వచ్చింది. ఆ పక్కది కూడా వచ్చింది. రెండు గోడల మీదా రెండేసి వరసలు తీసి, ఇటుకలు మూలకి చేర్చేశాను. పైన మిగిలిన సిమెంటు అరచేత్తో చదును కూడా చేశాను. ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టానా అంటే లేదు. అంత కోపంలో ఉన్న మనిషి లెక్కలు చూసుకోదు. తీసిన ప్రతి ఇటుకకీ కడుపు కాస్త చల్లబడినట్టయింది. అది మాత్రం నిజం.

యెహెజ్కేలు తిరిగి రావడం, అరవడం ఒకేసారి జరిగాయి.

"అమ్మగారండీ! ఓసారిలా రండి! నా గోడలు ఎవరో తీసేశారండి!"

అత్తగారు లేచి వచ్చారు. మీనాకుమారి వచ్చింది. నేనూ రావాల్సి వచ్చింది. చేతులు కడుక్కునే వ్యవధి లేక కొంగు కింద పెట్టుకున్నాను. గోళ్ళ నిండా సిమెంటు.

"ఆరు వరసలు కట్టి వెళ్ళానండి. ఇప్పుడు చూస్తే నాలుగే ఉన్నాయి" అన్నాడు యెహెజ్కేలు.

"ఆరేంటి? ఎనిమిది కదా నువ్వు కట్టింది?" అనేశాను, నోరు ఊరుకోక.

"లేదండి. తమరు పెరట్లోకి వెళ్ళాక ఈ చిన్నమ్మగారే ఆరు కట్టమన్నారండి. అక్కయ్యగారికి అందాలి అన్నారు."

పొద్దున్న కట్టింది నా కొలతకే. నా గట్టుని నేనే పడగొట్టుకున్నాను. నాలుగు వరసల మీద పొయ్యి పెడితే, నిలబడి వండాలంటే నడుం వంగాలి, కూర్చుంటే చెయ్యి అందదు. అంతకంటే పెద్ద సంగతి, ఇంకో నిమిషంలో అత్తగారికి తెలిసిపోతుంది. పెద్దకోడలు చిన్నకోడలి మీద కుళ్ళుతో గోడ పడగొట్టిందని సాయంత్రానికి మా ఆయనకి తెలుస్తుంది, మరిదికి తెలుస్తుంది. ఇక నేను వడ్డిస్తుంటే వాళ్ళు నా మొహం కేసి ఎలా చూస్తారు?

"అయితే ఇటుకలు తీసిందెవరు?" అన్నారు అత్తగారు.

మీనాకుమారి నా కొంగు వైపు చూసింది. ఆ తర్వాత నా మొహం చూసింది.

"నేనేనత్తయ్యా. ఇంకాస్త కిందికుంటే అక్కయ్యకి సుఖంగా ఉంటుందేమోనని తీశాను. తెలియలేదు" అంది.

"పిచ్చిపిల్లా! అక్కయ్యంటే ఎంత ప్రేమే నీకు" అని మా అత్తగారు ఆవిడ తల నిమిరారు. నా వైపు తిరిగి, "చూశావా మాణిక్యం? చూసి నేర్చుకో" అన్నారు.

తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ మాటతో నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఆవిడ నన్ను కాపాడింది, నిజమే. కృతజ్ఞత ఉండాలి. ఎంత వెతుక్కున్నా నాలో అది దొరకలేదు. పొడుగు ఆవిడదే, చదువు ఆవిడదే, ఆఖరికి మంచితనం కూడా ఆవిడదేనా అని ఏడుపొచ్చింది. నేనే తీశానని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆవిడ ఇంకా మంచిదైపోతుందని మింగేశాను.

యెహెజ్కేలు గొణుక్కుంటూ మళ్ళీ రెండు వరసలు లేపి, బండ పరిచి వెళ్ళాడు. వారం రోజులు నీళ్ళు కొట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్న నేను చెంబుతో గట్టు తడుపుతుంటే మీనాకుమారి బకెట్టు తీసుకొచ్చింది. ఇద్దరమే ఉన్నాం. నీళ్ళు కొడుతున్నాను కానీ నా కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి.

"నువ్వెందుకు చెప్పావు, నువ్వే తీశానని? నేను అడిగానా నిన్ను?" అన్నాను.

"అడగలేదు."

"మరి? నా మీద అంత ప్రేమ కారిపోతోందా?"

మీనాకుమారి బకెట్టు ఠపీమని కింద పెట్టింది. రెండేళ్ళలో ఆవిడ చేతిలోంచి అంత చప్పుడు నేను వినలేదు.

"ప్రేమా? ఏ ప్రేమా లేదు. అత్తయ్య ఒక్కసారైనా నన్ను మీకంటే మంచిదనాలని చెప్పాను. చాలా?"

"మరి ఆరు వరసలు ఎందుకు కట్టమన్నావు?"

"ఎనిమిది కడితే వంట నాకు పడుతుంది. నేను వండితే మీ మరిదిగారు తింటారా? మీకు ఒంట్లో బాగాలేని రోజున నేను ఆనపకాయ పులుసు పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని 'వదిన చేసినట్టు లేదు' అన్నారు. పెసరట్టు వేసినా అదే మాట. చారు పెట్టినా అదే మాట. రెండేళ్ళ నుంచి వింటున్నాను. వదిన, వదిన, వదిన. మీ చేతిలో ఏముందో అని మీరు తిరగమోత పెడుతుంటే గుమ్మంలో నించుని ఎన్నిసార్లు చూశానో! మీరు వేసినవే వేశాను. రాలేదు. మీరంటే నాకు ఎంత కుళ్ళో మీకు తెలియదు."

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. మొహం కోపంతో ఎర్రబడి ఉంది. దగ్గరికి తీసుకుని ఓదార్చాలి, నాకు తెలుసు. కానీ నా లోపల ఏదో పొంగుకొస్తోంది, ఆగడం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నేనే అందర్నీ చూసి కుళ్ళుకున్నాను. అక్కల రంగు చూసి, పక్కింటివాళ్ళ చీరలు చూసి, ఈవిడ పొడుగు చూసి. నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి నాకు అంతవరకూ ఒక్కరూ తగల్లేదు.

చెంబు గట్టు మీద పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఆనపకాయ పులుసుకి ఏమన్నాడూ?" అని అడిగాను.

"చెప్పాను కదా."

"ఇంకోసారి చెప్పవే" అన్నాను.