నూరేళ్ల పసికందు

పడమటి గాలి.

ఎడారి మీదుగా వచ్చే గాలి. బ్లాక్‌టౌన్ పెరళ్లలో గడ్డిని మాడ్చేసే గాలి. యూకలిప్టస్ ఆకు కాలకుండానే కాలిన వాసన వేస్తుంది. నాలుక మీద దుమ్ము... కళ్ల కొసల్లో మంట.

డిసెంబరు చివర. తొంభైతొమ్మిదో సంవత్సరం. రెండువేలు వస్తే కంప్యూటర్లు లెక్క తప్పుతాయని లోకమంతా రెండు సున్నాలను చూసి భయపడుతున్న రోజులు.

ఆ గాలిలో, పొద్దున్నే, బట్టలారేసే తీగ కింద జుమాఖాన్ దాదా పడిపోయాడు.

తడి తువ్వాలు చేతిలోనే ఉంది. గాలికి అది అప్పుడే సగం ఆరింది.

నూరేళ్ల మనిషి. ఆయన తండ్రి ఎప్పుడో ఓడ దిగి, ఒంటెలు తోలుకుంటూ ఈ దేశపు ఎడారిలోకి వచ్చినవాడు. బిడారు మధ్యలోనే పుట్టాడు దాదా. పెళ్లాం పోయింది. పిల్లలు లేరు. బహదూర్ బాపట్ల నుంచి కొత్తగా సిడ్నీ వచ్చి అద్దె గది కోసం తిరుగుతుంటే, మొహం చూసి తలుపేసుకున్నవాళ్లే అందరూ. ఈ ముసలాయన మాత్రం లోపలికి రమ్మని రొట్టె పెట్టాడు. తరవాత బహదూర్ సొంతిల్లు కొనుక్కుని, పెరట్లోని చిన్నింట్లోకి ఆయన్ని తెచ్చుకున్నాడు. అదీ వాళ్ల చుట్టరికం.

అంబులెన్సు వచ్చింది. ఈమధ్య ఏ డాక్టరుకీ చూపించుకోని మనిషి గనక, ప్రభుత్వ శవాగారానికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరమ్మ చూసింది. వయసు మీరి పోయాడు, తీసుకెళ్లొచ్చు అంది.

కంప్యూటర్ ఒప్పుకోలేదు.

పుట్టిన సంవత్సరం — తొంభైతొమ్మిది. పోయిన సంవత్సరం — తొంభైతొమ్మిది. రెండేసి అంకెలు మాత్రమే చదివే పాత ప్రోగ్రాం అది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసింది. సున్నా వచ్చింది. దాని దృష్టిలో పోయింది పసికందు. పసికందు హఠాత్తుగా పోతే ప్రభుత్వం విచారణ జరపాలి. విచారణ అయ్యేదాకా శవాన్ని ఇవ్వకూడదు. విచారించే పెద్దలంతా సెలవుల్లో ఉన్నారు.

గడ్డం నెరిసి, పళ్లూడి, నూరేళ్లు బతికినవాడు... పసికందట!

నవ్వొస్తుందా? రావాలి మరి. ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

ఎందుకంటే ఆ కంప్యూటర్లను కొత్త శతాబ్దానికి సిద్ధం చేస్తున్నది బహదూరే. ఆ ప్రభుత్వ శాఖలో వైటూకే పనికంతటికీ అతనే పెద్ద.

ఇక ఫిజా. అతని భార్య జాహిదాకు చెల్లెలు. హైదరాబాదులో కోడింగ్ నేర్చుకుని, బహదూర్ మాట మీదే ఆ ఆఫీసులో చేరింది. ఆ ఉద్యోగం మీదే వీసా. ఉద్యోగం పోతే దేశం వదిలిపోవాలి. బహదూర్‌కి ఆ పిల్లంటే ప్రాణం. కారు నేర్పింది అతనే. ఆమె గేటుకి గుద్దేస్తే తనే గుద్దానని జాహిదాతో చెప్పబోయి, అబద్ధం చేతకాక తెల్లమొహం వేసిందీ అతనే.

జూలైలో — ఇక్కడ చలి జూలైలోనే — మీటింగులో ఫిజా చెయ్యెత్తింది. పద్ధెనిమిది వందల్లో పుట్టినవాళ్ల సంగతేమిటి అంది. అందరూ నవ్వారు. బహదూరూ నవ్వాడు. అంత వయసువాళ్లు ఎందరుంటారమ్మా, ఉన్నా సరిగ్గా ఇప్పుడే పోతారా, జనవరిలో చూద్దాంలే అన్నాడు.

జనవరిలో చూద్దాంలే...

ఆ మాట అన్న పూట దాదా పెరట్లో నిమ్మచెట్టుకి నీళ్లు పోస్తున్నాడు.

ఫిజా ఊరుకోలేదు. దిద్దుబాటు రాసింది. పరీక్షించింది. పక్కన పెట్టింది.

డిసెంబరులో ఫ్రీజ్ వచ్చింది. ఫ్రీజ్ అంటే — కొత్త ఏడాది గండం గడిచేదాకా కోడ్‌ని ఎవరూ ముట్టుకోకూడదు. తప్పు కనబడినా దిద్దకూడదు. ఒకటి దిద్దబోయి ఇంకోటి చెడగొడతారని భయం. బహదూర్ అందర్నీ నిలబెట్టి మరీ చెప్పాడు. ముట్టుకున్నవాళ్లు ఆ రోజే ఇంటికి. మా ఇంట్లోవాళ్లయినా సరే.

ఎవరడిగారయ్యా నిన్ను, మీ ఇంటి సంగతి? ఎవరూ అడగలేదు. నోటిదూల.

చెడ్డవాడని కాదు. అయ్యో, ఎంతమాట! పౌరసత్వం ఇచ్చిన రోజున చేతిలో పెట్టిన చిన్న మొక్కని పెరట్లో నాటి, బిడ్డలా పెంచినవాడు. నిన్నగాక మొన్న వచ్చిన నన్ను నమ్మి ఇంత పని చేతిలో పెట్టారే, అని తల్చుకుని తల్చుకుని మురిసేవాడు. ఆ నమ్మకానికి మచ్చ రాకూడదు. అదొక్కటే అతని పట్టుదల.

గాలి ఆగలేదు. తీగ మీద బట్టలు ఎవరూ తియ్యలేదు.

పోయినవాణ్ణి ఆపకూడదు. వాళ్ల ధర్మం అది. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, జనాజా నమాజు చదివి, వీలైనంత తొందరగా మట్టికి అప్పగించాలి. అయినవాళ్లు లేకపోతే ఆ బాధ్యత ఊరందరిదీ. నలుగురు పూనుకుంటే అందరి రుణమూ తీరిపోతుంది. ఎవరూ పూనుకోకపోతే అందరికీ పాపమే. జాహిదా అప్పటికే తెల్లగుడ్డ కొలిచి చింపింది. కర్పూరం పొట్లం విప్పింది. మసీదులో స్నానం చేయించేవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు.

ఫిజా వంటింటి గుమ్మంలో నిలబడింది. అక్క మొగుణ్ణి వాళ్లింట్లో దుల్హాభాయ్ అంటారు.

"దుల్హాభాయ్, అది నేను జూలైలోనే రాసి పెట్టా. టెస్టింగ్ కూడా అయిపోయింది. అది పెట్టేస్తే ఈ మధ్యాహ్నమే దాదాని ఇచ్చేస్తారు."

"ఫ్రీజ్ ఉందిగా."

"దాదా అక్కడ ఇనప సొరుగులో ఉన్నాడు."

"నాకు తెలీదా? నా మనిషి కోసం నేనే గీత దాటితే రేపు ఎవర్ని ఆపను? ఇండియన్స్ తమవాళ్ల కోసం సిస్టమ్ తెరిచారంటారు."

"పోనీ కీత్‌కి ఫోన్ చెయ్యండి. డైరెక్టర్ ఆయనేగా."

"హాలిడేలో ఉన్న మనిషిని మనింటి సంగతికి కదిలిస్తామా? బాగోదు. వదిలెయ్."

ఫిజా వదిలేసింది... ఆ సంభాషణని.

బ్యాగు తగిలించుకుని స్టేషన్‌కి నడిచింది. జాహిదా చూసింది. ఎక్కడికని అడగలేదు. నీళ్ల సీసా మాత్రం బ్యాగులో పెట్టింది.

ఆఫీసు ఖాళీ. దీపాలు సగం ఆర్పి ఉన్నాయి. కిటికీ అవతల జకరండా చెట్లు, పూలు రాలిపోయి, ఆకుల్తో. ఫిజా తన సీట్లో కూర్చుంది. బిస్మిల్లా అంది. ఆ దిద్దుబాటు పెట్టేసింది.

కంప్యూటర్ మళ్లీ లెక్క చూసుకుంది. నూరు అంది.

మధ్యాహ్నం ఇంట్లో ఫోను మోగింది. వచ్చి తీసుకెళ్లండి అన్నారు.

బహదూర్ అక్కడే, ఫోను పక్కనే, రెండు చేతులూ పైకెత్తాడు. ఏడ్చేశాడు. ఎవరో పుణ్యాత్ముడు, అన్నాడు. ఇంత పెద్ద గవర్నమెంటులో ఒక్క మంచి మనిషి కదిలాడు, అల్లా వాణ్ణి చల్లగా చూడాలి, అన్నాడు.

ఎవరు? అని అడిగితే తెలిసేది. అడగలేదు. జాహిదా ఎదురుగానే నిలబడి ఉంది. ఆమె మొహంలోకి చూసినా తెలిసేది. చూడలేదు.

పొద్దుగూకే లోపల దాదాని మట్టి చేశారు. రూక్‌వుడ్ ఖబరస్తాన్‌లో అదే గాలి. పసిపిల్లల్లా ఏడ్చే ఆ దేశపు నల్లకాకులు. బహదూర్ జనాజాకి భుజం పట్టాడు. గోతిలోకి దిగాడు. మూడు దోసిళ్ల మట్టి తన చేత్తో వేశాడు. తిరిగొస్తుంటే మనసు తేలికపడింది. ఎవరి దయవల్లనైతేనేం, దాదా రుణం తీరిందనుకున్నాడు.

కొత్త శతాబ్దం వచ్చింది. హార్బర్ మీద మతాబులు కాల్చారు. దీపాలు ఆరలేదు. నీళ్లు ఆగలేదు. విమానాలు కూలలేదు. ఇంతోటి దానికా ఇంత హడావిడి అని జనం నవ్వుకుని బీచికి పోయారు.

బహదూర్ ఆఫీసుకి పోయాడు. ఫ్రీజ్ ఎత్తేసేముందు కోడ్‌ని పాత ప్రతితో పోల్చి చూడటం ఆనవాయితీ. పోల్చారు. ఒకచోట తేడా వచ్చింది. ఎవరో ముట్టుకున్నారు.

అతనికి ఒళ్లు మండిపోయింది. తేడా ఎక్కడుందో చదివి ఉంటే ఆగేవాడేమో. పూర్తిగా చదవకుండానే అందర్నీ పిలిచాడు. ఎవరైనా సరే ఈ రోజే ఇంటికి, అన్నాడు. నా వాళ్లూ పరాయివాళ్లూ అని నేను చూడను, అన్నాడు. ప్రజలు మనల్ని నమ్మారు, అని కూడా అన్నాడు. గొంతు వణికింది. నిజంగానే వణికింది, నటన కాదు.

గదిలో అందరూ నేల చూపులు చూశారు. అందరికీ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఫిజా లేచింది.

"నేనే, దుల్హాభాయ్."

తెలుగులో అంది. తరవాత అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది. మళ్లీ తెలుగులోకి వచ్చింది.

"మీరు చల్లగా చూడమని దువా చేసింది నాకే."

గది చల్లగా ఉంది. ఏసీ చప్పుడు. అతని చేతివేళ్ల సందుల్లో మట్టి ఉన్నట్టే అనిపించింది... చూసుకున్నాడు. లేదు.

ఆగొచ్చు. కీత్ వచ్చేదాకా ఆగొచ్చు. కీత్ ఇంకా సముద్రపొడ్డున గుడారం వేసుకుని చేపలు పట్టుకుంటున్నాడు, వచ్చే సోమవారం దిగుతాడు. ఆగితే, మరదలు గనక ఆగాడంటారు. అన్న మాట మింగేశాడంటారు. బహదూర్ ఆగలేదు. ఫిజాని తీసేస్తూ సంతకం పెట్టాడు. ఇమిగ్రేషన్‌కి కబురు పంపించాడు. బాత్రూంలోకి పోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

టీ గదిలో ఎలేని అనే అమ్మాయి కప్పు కడుగుతోంది. గ్రీకు పిల్ల. ఫిజా పక్క సీటు. అతని వైపు చూడకుండానే అంది —

"మా పాత నాటకాల్లో రాజు చెడ్డవాడు కాదు, తెలుసా? మాట మీద నిలబడేవాడు. ఊరిని నిలబెడుతున్నది నేనే అనుకుంటాడు. చివర్లో మనసు మారి పరిగెత్తుకుంటూ వస్తాడు... అప్పటికి అంతా అయిపోయి ఉంటుంది."

మంచి కథే అన్నాడు బహదూర్. టీలో చక్కెర కలుపుకున్నాడు.

ఇంట్లో జాహిదా ఒక్కసారే అడిగింది.

"ఏమండీ... ఇంకేం దారి లేదా?"

"గవర్నమెంటు రూలు. నా చేతుల్లో ఏముంది?"

అది అబద్ధమని అతను అనుకోలేదు. అందుకే తడబడకుండా అనగలిగాడు.

జాహిదా చెల్లెలి బట్టలు మడతపెట్టింది. విప్పి మళ్లీ మడతపెట్టింది.

వీసా రద్దయింది, వారం తిరక్కుండా వెళ్లిపొమ్మన్నారు. ఎయిర్‌పోర్టులో ఫిజా కోపంగా ఉంటే బాగుండేది. లేదు. అక్కని కావలించుకుంది. బావ ముందు నిలబడింది.

"దాదా ఖబర్ మీద గడ్డి మొలిస్తే ఫోటో తీసి పంపండి."

సరేనన్నాడు. ఆమె బ్యాగు భుజానికి అందించాడు. విమానం పడమటికి లేచింది, ఆ గాలికి ఎదురుగా. కారులో జాహిదా వెనక సీట్లో కూర్చుంది.

సోమవారం కీత్ దిగాడు. ముక్కు ఎండకి ఎర్రబడి తోలు ఊడుతోంది. బహదూర్ నిటారుగా నిలబడి అంతా చెప్పాడు. ఫ్రీజ్ దాటిన సంగతి. మరదలని చూడకుండా తీసేసిన సంగతి. శభాష్ అనిపించుకోవాలని కాదు... ఏమో, కొంచెం అందుకూ.

కీత్ మొదట నవ్వాడు.

"నూరేళ్లాయన్ని పసిబిడ్డ అందా? ఓరి దేవుడా! ఒక్క ఫోన్ కొట్టొచ్చుగా, మేట్. నేనే తెరిపించేవాణ్ణి. ఇలాంటి వాటికేగా నా నంబర్ ఇచ్చి వెళ్లింది? మంచి పని చేసింది ఆ పిల్ల. ఏదీ, పిలువు."

దేశం దాటి వెళ్లిపోయింది, అన్నాడు బహదూర్.

కీత్ నవ్వు మెల్లగా ఆగిపోయింది. వెనక్కి రప్పించలేమా అని తనే రెండు చోట్లకి ఫోన్లు చేశాడు. వీసా రద్దయిపోయింది, మళ్లీ మొదట్నుంచీ రావాలి, వైటూకే అయిపోయింది గనక ఆ ఉద్యోగమే ఇక లేదు, అన్నారు. కీత్ ఫోను పెట్టేసి ఎర్రముక్కు రుద్దుకున్నాడు. సారీ మేట్, అన్నాడు.

రాజ్యం ఆ పిల్లని బలి అడగలేదు. అడిగిందనుకుని ఇతనే తీసుకెళ్లి ఇచ్చేశాడు.

రైల్లో కూర్చున్నాడు. ప్యారమట్టా దాటింది. కిటికీలోంచి ఎండిన గడ్డి, వేడికి వంకర్లు పోతున్న పట్టాలు. ఏం చెప్పాలి? చెప్పకపోతే? అసలు చెప్పాల్సిన పనేముంది? బ్లాక్‌టౌన్ వచ్చేసింది. అతను దిగాడు.

గాలి మారుతోంది. దక్షిణం నుంచి, సముద్రం మీది నుంచి, తడి వాసన. వీధంతా కిటికీలు తెరుచుకుంటున్నాయి.

జాహిదా వరండాలో ఉంది. ఫిజా వెళ్లినప్పట్నుంచీ అతని మొహం చూసి మాట్లాడలేదు. ఇవాళ చూసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కానీ మొహంలో కొంచెం మెత్తదనం వచ్చింది. మంచినీళ్ల గ్లాసు అందించింది.

"మీ కీత్ వచ్చాడంటగా?"

"ఊ."

"ఇప్పుడే అమ్మీతో ఫోన్లో మాట్లాడా. ఏడుస్తోంది. నేనే సర్దిచెప్పా. ఆయన్నేం అనకు, గవర్నమెంటు రూలు, ఎవరున్నా అదే చేసేవాళ్లు, ఆయన చేతుల్లో ఏం లేదమ్మా అని చెప్పా. నేనే లేనిపోనివి అనుకుని మీతో మాట్లాడ్డం మానేశా."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది.

"అంతేగా? ఆ కీత్ ఉన్నా అదే చేసేవాడుగా?"

చల్లగాలి పెరడంతా తిరిగింది. యూకలిప్టస్ కొమ్మలు ఒక్కసారిగా వెనక్కి వంగి, లేచి, మళ్లీ వంగాయి.

బహదూర్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

జాహిదా జవాబు కోసం అతని మొహంలోకే చూస్తోంది...