గంధం పూసిన మైకు

నేను ఒక మైకును. అనగానే పెళ్ళిపందిట్లో చెవులు చిల్లులు పడేలా మోగేదాన్ని అనుకునేరు. నాకంత సీను లేదు. బొటనవేలంత ఉంటాను. మెడతాడుకు వేలాడతాను. టీచరు అన్నది అన్నట్టు ఒక పిల్ల చెవి మిషన్లకు చేరవేయడమే నా ఉద్యోగం. ఇంత లోకంలో నా మాట వినేది ఆ ఒక్క పిల్లే. అదీ నా మాటా? టీచరు మాట.

ఎక్కడో దేశంగాని దేశంలో ఫ్యాక్టరీలో పుట్టాను. మొదట గుంటూరులో ఒకబ్బాయి దగ్గర పనిచేశాను. వాడు కాలేజీకి పోతూ నన్ను చెవి మిషన్ల సెంటరుకు తిరిగిచ్చేశాడు. వాళ్ళు తుడిచి, చీరాలలో నేతవాళ్ళింటి పిల్ల, మూడో తరగతి కుసుమకిచ్చారు. మగ్గాల ఇల్లంటే తెలుసుగా, పొద్దస్తమానం టకటకా మోతే. అందుకని అక్కడ అందరూ అరిచే మాట్లాడతారు. కుసుమ నాయనమ్మ నాంచారమ్మ మరీను. నన్ను అరచేతిలో పెట్టుకుని, "ఇంత లేవు, పంతులమ్మ గొంతు మోస్తావంటే?" అంది. ఆ కేకకు పక్కగదిలో కుసుమ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. ఆ ఇంట్లో నేను చేసిన తొలి ఘనకార్యం అదీ.

సువార్త టీచరు మంచిది. రోజూ నన్ను మెడలో వేసుకునేది. తియ్యడమే మరిచిపోయేది. స్టాఫ్‌రూములో ఎవరి కూర మాడిందో, ఏ సారుకు ఎవరంటే పడదో, క్లాసులో కూర్చున్న కుసుమకు అన్నీ తెలిసిపోయేవి. నాకు వడపోత చేతకాదు మరి. అయితేనేం, పిల్ల చదువు అందుకుంది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మగ్గానికీ, పోగుల మధ్య అటూఇటూ పరిగెత్తే నాడెకూ, కత్తెరకూ, సైకిలుకూ బొట్లు పెట్టి, నాంచారమ్మ నన్నూ వరసలో కూర్చోబెట్టింది. "మా కుసుమ ఆయుధం ఇదేగా!" అంటూ చిక్కటి గంధం రెండువేళ్ళతో పట్టించింది. దానిమీద కుంకుమ. నేను పొంగిపోయాను. అంత మగ్గం పక్కన ఇంత నేను! పూజలందుకునే దేవుళ్ళెవరూ మాట్లాడరు కదా, నేనూ ఆ వరసలోకే చేరాను. మాట దూరే సన్నటి కంతల్లో గంధం ఎండి రాయైపోయింది.

సెలవులయ్యాక కుసుమకు పాఠం అందలేదు. డిక్టేషన్ నిండా తప్పులే. ఓ రోజు హెడ్మాస్టరుగారు నాంచారమ్మను పిలిపించారు.

"ఈ పిల్లకిక్కడ కుదరట్లేదమ్మా. హాస్టలున్న చెవిటిపిల్లల బడిలో వెయ్యండి. మీకూ నిశ్చింత."

"అది నన్నొదిలి పడుకోదు సారూ," అంది నాంచారమ్మ. ఆవిడ అరవకుండా మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

నేనా? పక్కనే నిలబడ్డ టీచరు మెడలో పచ్చలైటు వెలిగించుకుని, నాకేం, భేషుగ్గా ఉన్నానన్నట్టు ఫోజు కొడుతున్నాను.

నాంచారమ్మ ఇంటికొచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "ఏమే, టీచరు చెప్పేది వినపడట్లేదా?"

"వినపడుద్ది నాయనమ్మా. టీచరే దుప్పటి ముసుగేసుకున్నట్టు మాట్లాడుద్ది."

"ఎప్పట్నించే?"

"దసరా కాడ్నించి. జలుబు చేసిందేమోలే అని ఊరుకున్నా."

నాంచారమ్మ నన్ను బడిసంచిలోంచి లాగి, తెగిన పోగులు వెతికే కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "ఓసి నా చేతులు పడిపోను! దీని నోట్లో గంధం కుక్కింది నేనేగా!" అని, కడిగేద్దామని నీళ్ళచెంబు ఎత్తింది. "అత్తమ్మా, అదేమన్నా గళాసనుకున్నావా?" అంటూ కోడలు చెంబు లాక్కోబట్టి సరిపోయింది. లేకుంటే నా ఆత్మకథ అక్కడికి సరి.

మర్నాడు సెంటరులో ఒకమ్మాయి నవ్వాపుకుంటూ చిన్న బ్రష్షుతో నన్ను శుభ్రం చేసింది. "మామ్మగారూ, రోజూ బడికి పంపేముందు ఇంట్లో ఒకసారి మాట్లాడి చూడండి," అంది. అక్కణ్ణించి నాంచారమ్మ తిన్నగా హెడ్మాస్టరు దగ్గరికే పోయింది. "పిల్లలో లోపం లేదు సారూ, నా గంధంలో ఉంది. ఇప్పుడు చెప్పించి చూడండి." సువార్త టీచరు అప్పటికప్పుడు డిక్టేషన్ చెప్పింది. కుసుమ రాసింది. హాస్టలు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇక రోజూ పొద్దున్నే పరీక్ష. నాంచారమ్మ నన్ను పట్టుకుని పెరటి చివరికి పోయి, నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని, క్యారేజీలో కూరేంటో గుసగుసగా చెప్పేది. ఆవిడ గుసగుసలాడటం చూసి పక్కింటివాళ్ళు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. వీధిగుమ్మంలోంచి కుసుమ "దొండకాయా? నాకొద్దు!" అని అరిస్తే నేను పాసైనట్టు.

ఇప్పుడు కుసుమ హైస్కూలుకొచ్చింది. నా బ్యాటరీ గంట కూడా నిలవదు. కొత్త మైకొకటి వచ్చింది. దసరాకు దానికి డబ్బామీద ఒక్క చుక్క బొట్టే. నాకు మాత్రం ఒళ్ళంతా గంధం. ఇంకెవరికి అడ్డం?

దేవుడిగూట్లో ఉంటున్నాను. పొద్దున్నే దీపం పెట్టి, పాత అలవాటుకొద్దీ నాంచారమ్మ నా దగ్గరికి వంగుతుంది.

"ఇయ్యాల బీరకాయ."

ఎవరికీ అందించలేను. జన్మంతా పరాయి మాటలు మోసినదాన్ని. ఇది మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది.