బూరుగు దూది తాగిన డీజిల్

డీజిల్ క్యాను రొయ్యల చెరువులోకి దొర్లిపోయాక గంగరాజు చేతిలో మూత ఒక్కటే మిగిలింది.

తెల్లవారుతూనే కరెంటు పోయింది. జనరేటర్‌లో డీజిల్ పోస్తుంటే గట్టు మీద కాలు జారింది. ఖాళీ క్యాను బయటికి లాగేసరికి నీటి మీద రంగురంగుల పొర పరుచుకుంటోంది. అడుగున, వారంలో పట్టుబడికి రావలసిన రొయ్యలు. నాలుగు నెలల కష్టం.

జిడ్డుకి సబ్బే మందు! ఇంట్లోకి పరిగెత్తి సబ్బుపొడి ప్యాకెట్టు తెచ్చాడు.

“మరిదిగారూ, ఆగండి! అది పోశారంటే చెరువు పోయినట్టే!”

వదిన లక్ష్మీతులసి. అమలాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతుంది.

“జిడ్డు వదలద్దాండీ?”

“వదిలి ఎక్కడికి పోద్దండీ, నీళ్ళలోకే! నీటి అణువుకి ఒక వైపు ప్లస్సు, ఒక వైపు మైనస్సు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. డీజిల్‌కి ఆ వైపులు లేవు కాబట్టి నీళ్ళు దాన్ని లోపలికి రానివ్వవు. అందుకే పైన తేలింది, మన అదృష్టం. సబ్బు ఓ చేత్తో నీటినీ, ఓ చేత్తో నూనెనీ పట్టుకుంటుంది. డీజిల్ని తిన్నగా రొయ్యల దగ్గరికి దింపేస్తుంది.”

ప్యాకెట్టు కింద పడేశాడు గంగరాజు. “పోనీ జనరేటర్ వేసెయ్యనా?”

“వద్దు. గాలి పట్టించే ఏరియేటర్లు డీజిల్ని నీళ్ళలో మజ్జిగ చిలికినట్టు చిలికేస్తాయి.”

“గాలి అందకపోతే రొయ్యలు గంటలో పైకొచ్చేస్తాయండీ! పైనేమో డీజిలు!”

“ఆలోగా తీసేద్దాం. అత్తయ్యగారూ, మీ దిండు ఇవ్వండి. పరుపు కూడా!”

గుమ్మంలో ఉన్న గంగరాజు తల్లి పైడమ్మ దిండును గుండెకి హత్తుకుంది. “ఇదేం చోద్యమే! నా బూరుగు దూది దిండెందుకు?”

“ఆ దూదికి మైనం పూత ఉంటుందండీ. నీళ్ళంటవు, నూనె తాగేస్తుంది.”

“నేనెక్కడ పడుకోనే?”

“నా స్పాంజి పరుపు మీద.”

“ఒళ్ళు ఉడికిపోద్దే తల్లీ!” అంటూనే కత్తిపీట తెచ్చి పరుపు కుట్లు తెంపింది పైడమ్మ.

నైలాన్ దోమతెర చింపి, దూది కూరి, మూటలు కట్టారు. గాలి డీజిల్ పొరను తూర్పు మూలకి నెట్టింది. మొలలోతు నీళ్ళలో దిగి గంగరాజు మూటల్ని పొర మీద ఈడ్చాడు. తేలిగ్గా వెళ్ళిన మూట బరువెక్కి తిరిగొచ్చింది. బకెట్లోకి పిండితే నీటిచుక్కలు నాలుగు, మిగతాదంతా డీజిలే!

“దూదికింత తెలివేంటండీ!”

“తర్వాత ఆశ్చర్యపోదురు గాని, అటు చూడండి!”

గట్టు వారన రొయ్యల మీసాలు పైకి లేస్తున్నాయి. గంగరాజు పిండిన మూటే మళ్ళీ విసిరాడు, లాగాడు, పిండాడు. రంగులు పలచబడ్డాయి. మరోసారి. మూలలో మామూలు నీరు కనిపించింది.

“ఇప్పుడు వెయ్యండి!”

“ఆయ్!”

ట్యాంకులో పడిన కాస్త డీజిల్‌తో జనరేటర్ దగ్గి, అందుకుంది. ఏరియేటర్లు తెల్లటి నురుగు లేపాయి. మీసాలు ఒక్కొక్కటే అడుగుకి జారిపోయాయి.

మేత వేసి కాసేపాగి, తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాడు గంగరాజు. రొయ్యలు టపటపా కొట్టుకున్నాయి. వీపుల వెంట నల్లటి మేత గీత. ఒకటి ఎగిరి, గట్టు మీద కూర్చున్న లక్ష్మీతులసి ఒళ్ళో పడింది.

“వదినగారూ, తింటున్నాయండీ!” ట్రేని ఆమె ముందుకి జరిపాడు.

ఆమె ఆ రొయ్యను రెండు వేళ్ళతో పట్టుకుని, మెల్లగా నీళ్ళలో వదిలింది.